ద్వీపములకు చేరినవారు: జపానీయుల పుట్టుపూర్వోత్తరములు



ఏ ఉపాధ్యాయుని స్మృత్యర్థము మనము ఏటేట ఈ దినమున ఇచ్చట కూడుచున్నామో, ఆ మాస్టారు జీవితమంతయు ఉన్నతపాఠశాలలో చరిత్ర చెప్పినవారే కాని, చరిత్రగ్రంథము నొక్కటియైనను వ్రాసినవారు కారు. వారి తరగతిగదిలో గుడ్డకు అంటించిన ఆసియాఖండపటము ఒకటి వ్రేలాడుచుండెడిది. దాని తూర్పుటంచు చివికి, జపాను ద్వీపములలో సగము ఊడిపోయియుండెను. ఒకనాడు నేను పాఠ్యపుస్తకమునందు జపానీయులను గూర్చియున్న ఒకటిన్నర వాక్యమును గడగడ వల్లించి, వారు మంగోల్ జాతివారని ముగించి కూర్చుండబోగా, మాస్టారు కూర్చుండనీయక, “జాతి పేరు చెప్పితివి, సరే. అక్కడికి ఎట్లు పోయిరిరా? నడచియా, పడవ యెక్కియా? పోవునప్పటికే వారు జపానీయులా?” అని ప్రశ్నపై ప్రశ్న వేసిరి. నేను తెల్లమొగము వేసితిని. నడకయా పడవయా అన్నదానికి తరువాతి కాలమున గ్రంథములలో సమాధానము దొరకినది. చివరి ప్రశ్న మాత్రము అరువది యేండ్లుగా నన్ను విడువలేదు. నేటి నా ఉపన్యాసము మాస్టారికి ఆలస్యముగా అప్పగించుచున్న ఆనాటి పాఠము. నా భాష పాతది. వారు ఎఱ్ఱసిరాతో దిద్దిన వ్యాసములలో అలవడినది. యువకులు మన్నింతురుగాక.

జపానీయులు తమ పుట్టుకను గూర్చి తాము చెప్పుకొన్న కథను ముందుగా వినుట మర్యాద. క్రీ.శ. 712లో ముగిసిన కొజికి, 720లో ముగిసిన నిహోన్‌షోకి అను రెండు గ్రంథములు ఆ కథకు ఆధారము. ఇజనాగి, ఇజనామి అను దేవదంపతులు ఆకాశమున తేలియాడు వంతెనపై నిలిచి, రత్నములు పొదిగిన ఈటెతో సముద్రమును కలియబెట్టగా, ఈటె మొననుండి జారిన ఉప్పునీటి బొట్లు పేరుకొని మొదటి ద్వీపమాయెను. సూర్యదేవతయైన అమతెరసు తన మనుమని నినిగిని భూమిని ఏలుటకై పంపెను. అతడు క్యూషూ ద్వీపమందలి తకచిహో శిఖరముపై దిగెను. అతని ప్రపౌత్రుడు జిమ్ము తూర్పునకు దండయాత్ర సాగించి, యమతో దేశమున క్రీ.పూ. 660లో సింహాసన మధిష్ఠించెను. కథ ఇంతే, మన పురాణములు చదివినవారికి ఇందు ఆశ్చర్యపడవలసినది ఏదియు లేదు. ఆశ్చర్యము ఆ సంవత్సరమునందే యున్నది. పురాణమునకు అంత కచ్చితమైన తేది ఎక్కడనుండి వచ్చెను?

మనకు ప్రభవ విభవాదులైన అరువది సంవత్సరములున్నట్లే చైనావారికిని ఒక షష్టిచక్రము కలదు. అందు ఏబదియెనిమిదవ సంవత్సరమున రాజ్యములు తలక్రిందులగునని చైనా జ్యోతిషికుల నమ్మకము. అట్టి చక్రములు ఇరువదియొకటి తిరిగిన పిమ్మట వచ్చు మార్పు మిక్కిలి గొప్పదట. జపానులో సంస్కరణలు సాగుచుండిన క్రీ.శ. 601వ సంవత్సరము అట్టి ఏబదియెనిమిదవదే. అక్కడనుండి 1260 సంవత్సరములు వెనుకకు లెక్కించి రాజ్యస్థాపనకు ముహూర్తము పెట్టిరని మెయిజీ కాలపు చరిత్రకారుడు నక మిచియో వివరించెను. జ్యోతిషికుడు వెనుకకు నడచి పెట్టిన ఈ ముహూర్తము తరువాతివారికి పరమసత్యమైనది. 1940లో రాజ్యస్థాపనకు 2600 సంవత్సరములు నిండెనని దేశమంతట ఉత్సవములు జరిగినవి; ఆ యేడే, ఈ ప్రాచీనకథలను రాజసభ తన యవసరముకొరకు కూర్చుకొన్నదని విమర్శించిన వసెద విశ్వవిద్యాలయాచార్యుడు త్సుద సోకిచి గ్రంథములు నిషేధింపబడినవి; ఆయన న్యాయస్థానము మెట్లెక్కవలసివచ్చెను. యుద్ధానంతరము, 1948లో రద్దయిన ఫిబ్రవరి 11వ తేది పండుగ, 1966లో జాతీయస్థాపనదినమను క్రొత్తపేరుతో తిరిగి వచ్చినది. పుట్టుకను గూర్చిన ప్రశ్న పండితుల గదులలో మాత్రమే యుండునది కాదనుటకు ఇంతకన్న నిదర్శన మక్కరలేదు.

ఇక నేల చెప్పిన కథకు వత్తము. అది ఒక రైలు కిటికీలో మొదలైనది.

1877లో ఎడ్వర్డ్ మోర్స్ అను అమెరికను జంతుశాస్త్రజ్ఞుడు సముద్రపు చిప్పజీవులను పరిశీలించుటకై జపానునకు వచ్చి, యొకొహామాలో ఓడ దిగి, టోక్యోకు పోవు రైలెక్కెను. ఆ రైలుమార్గము పడి అప్పటికి అయిదేండ్లే అయినది. ఓమొరి సమీపమున కట్టకొరకు త్రవ్విన గట్టులో తెల్లని చారయొకటి ఆయన కంటబడెను. ఇతర ప్రయాణికులకు అది సున్నపుమన్ను. తమ దేశపు సముద్రతీరమున ప్రాచీనులు తిని పారవేసిన ఆల్చిప్పల దిబ్బలను ఎరిగిన మోర్స్‌కు అది వంటింటి పెంట. కొన్ని నెలలలో ఆయన అక్కడ త్రవ్వకములు జరిపి, చిప్పలనడుమ పచ్చిమట్టిపై పేనిన త్రాటిని ఒత్తి, దొర్లించి అలంకరించిన కుండపెంకులను వెలికితీసెను. త్రాటిముద్ర యను అర్థముగల జోమోన్ అను మాట ఆ కుండలకును, వానిని చేసిన జనులకును, వారి యుగమునకును పేరైనది. ఇచట ఒక చిన్న సంగతి చెప్పవలెను. జపాను నేల అగ్నిపర్వతముల బూడిదతో పులిసిన నేల. అందు పాతిన యెముకలు కొలదికాలములోనే కరగిపోవును. ఆల్చిప్పల సున్నము ఆ పులుపును విరిచి యెముకలను కాపాడును. అందుచేతనే, తిని పారవేసిన గవ్వల పుణ్యమా యని, జోమోన్ జనుల రూపురేఖలు మనకు దక్కినవి.

అఒమొరి మండలమందలి ఓదాయ్ యమమొతో యను చోట దొరకిన కుండపెంకులు పదునారువేల యేండ్లకు పైబడినవి. ప్రపంచమున అతిప్రాచీనమైన మృత్పాత్రలలో వానికి స్థానము కలదు. మేము చదువుకొన్న రోజులలో పుస్తకములు, మానవుడు మొదట వ్యవసాయము నేర్చి, ఒకచోట కుదురుకొని, ధాన్యము దాచుటకై కుండ చేసెనని చెప్పెడివి. జోమోన్ జనులు ఈ క్రమమును పాటింపలేదు. నాగలి లేదు, మడి లేదు. కుండ మాత్రము ఉన్నది. అడవిలో రాలు సింధూరపు కాయల వగరు పోవువరకు ఉడుకబెట్టుటకును, చేపలను గవ్వలను కాచుటకును అది వారికి అక్కరకు వచ్చినది. సాల్మన్ చేపలు ఎదురీది వచ్చు నదులు, చెస్ట్‌నట్ అడవులు, లేళ్లు, అడవిపందులు, చిప్పలతో నిండిన అఖాతములు: ఇన్ని యున్న చోట దున్నుటకు తొందర యేమి?

ఆ తీరిక ఎట్టి ఫలము నిచ్చెనో అఒమొరి నగరమునకు చేరువనున్న సన్నాయ్ మరుయమయందు చూడవలెను. 1992లో బేస్‌బాల్ క్రీడాస్థలము కట్టుటకై అక్కడ నేలను పరిశీలింపగా ఊరికి ఊరే బయల్పడినది. రెండేండ్లకు ప్రభుత్వము క్రీడాస్థలమును మానుకొని గ్రామమును నిలుపుకొన్నది. నేటికి 5900 ఏండ్లనాడు మొదలై 4200 ఏండ్లనాటి వరకు, అనగా పదునేడు శతాబ్దములు, జనులు అక్కడ కాపురముండిరి. రెండు మీటర్ల లోతు గుంటలు ఆరు, 4.2 మీటర్ల సమానదూరమున, మూడేసి చొప్పున రెండు వరుసలుగా కనబడినవి. గుంటలలో మీటరు అడ్డుకొలతగల చెస్ట్‌నట్ స్తంభముల మొదళ్లు నీటిలో నాని మిగిలియున్నవి. ఆ స్తంభములపై ఏమి నిలిచెనో, కావలి మంచెయా, దేవాలయమా, పండితులు నేటికిని తగవులాడుచున్నారు. ఇతోయిగవ ప్రాంతమున దొరకు పచ్చమణిశిల వందలకొలది కిలోమీటర్లు ప్రయాణించి ఈ గ్రామమునకు చేరినది. వీరిని వేటగాండ్రని ఒక్కమాటతో పక్కకు నెట్టుట న్యాయము కాదు. జోమోన్ కుండలలో, షినానో నదీతీరమువారు చేసిన, అంచులు మంటలవలె లేచు పాత్రలను నేను పటములలో చూచినప్పుడెల్ల, కుమ్మరికి చేయి తిరిగిన పిమ్మట వంటసంగతి మరపునకు వచ్చినదా యని అనుకొందును. చిత్రకారుడు ఒకమొతో తరో 1951లో టోక్యో జాతీయ సంగ్రహాలయమున వీనిని చూచి చలించి వ్యాసము వ్రాయువరకు జపాను కళాచరిత్రలో వీనికి పీటయే లేదు.

అయినను ఈ జనులు లెక్కకు కొద్దిమంది. మానవశాస్త్రజ్ఞుడు కొయమ షూజో అంచనా ప్రకారము జోమోన్ మధ్యకాలమున ద్వీపములన్నిటను కలిపి రెండులక్షల అరువదివేలమంది. వాతావరణము చల్లబడిన పిమ్మట, యుగాంతమునకు, డెబ్బదియైదువేలమంది. ఈ సంఖ్యను గుర్తుంచుకొనవలెనని మనవి. ముందు దీనితో పని యున్నది.

జోమోన్‌కు పూర్వము ఎవరుండిరి? ఎవరును లేరని 1949 వరకు విద్వాంసుల నిశ్చయము. అగ్నిపర్వతములు బూడిద కురిపించిన ఆ కాలమున మనుష్యులు బ్రతుకజాలరని, ఎఱ్ఱమన్ను తగిలినంతనే వారు త్రవ్వకము నాపి గడ్డపారలు కడుగుకొనెడివారు. ఐజవ తదహిరో యను యువకుడు సైకిలుపై ఊరూరు తిరిగి, పులియబెట్టిన సోయాచిక్కుడు గింజల నాత్తోను అమ్ముకొనుచు, గున్మ మండలమున ఇవజుకు గట్టువద్ద ఆ ఎఱ్ఱమన్నులోనే రాతి పనిముట్ల నేరెను. మెయిజి విశ్వవిద్యాలయమువారు 1949లో అచ్చట త్రవ్వి, అతని మాట నిజమని తేల్చిరి. చదువు అంతంతమాత్రపు వర్తకుడొకడు దేశచరిత్రను ఒక్కసారిగా వేలకొలది సంవత్సరములు వెనుకకు జరిపెను. (అదే శాస్త్రమున అర్ధశతాబ్దము పిమ్మట మరియొక ఔత్సాహికుడు, తాను పాతిపెట్టిన రాళ్లను తానే త్రవ్వితీసి ఆరులక్షల యేండ్లనాటివని చూపుచు, 2000 సంవత్సరమున ఒక దినపత్రిక కెమెరాకు చిక్కెను. పాఠ్యపుస్తకములు దిద్దుకొనవలసివచ్చెను. ఇంతటితో ఆ ప్రస్తావన చాలును.)

నేడు మనకు తెలిసినంతలో సుమారు 38,000 సంవత్సరముల క్రిందట మానవుడు ఈ ద్వీపములకు చేరెను. హిమయుగమున సముద్రము ఇప్పటికన్న నూరుమీటర్లకు పైగా దిగియుండగా, ఉత్తరమున హొక్కైదో సఖలిన్‌తో కలిసి ఖండమునకు అంటుకొనియుండెను. అటనుండి నడచి రావచ్చును. పడమట కొరియాకును క్యూషూకును నడుమ జలసంధి సన్నగిల్లెనే కాని పూడిపోలేదు. దక్షిణమున ఒకినావ ద్వీపములకు నడక లేనే లేదు. కొజుషిమ ద్వీపపు అగ్నిపర్వతపు నల్లగాజు ప్రధానద్వీపమున ఆ తొలికాలపు మన్నులోనే దొరకుటచేత, వారు సముద్రముపై పోయి వచ్చుటయు నేర్చిరని రుజువైనది. 2019లో కైఫు యొసుకె నాయకత్వమున అయిదుగురు, రాతిగొడ్డళ్లతో తొలిచిన దోనెపై తైవానునుండి యొనగునికి 45 గంటలు తెడ్లువేసి చేరిరి. ఆధునిక పరికరములను వెంట తీసికొనిపోలేదు. చుక్కలను, అలలను చూచి నడపిరి. మాస్టారి ప్రశ్నకు ఇదిగో సమాధానము: కొందరు నడచి, కొందరు పడవపై.

తరువాతి ఘట్టము మన పల్లెవారికి మరింత చేరువ; ఏలయన అది వరి కథ. 1884లో టోక్యోలోని యాయోయి పేటలో దొరకిన, జోమోన్ కుండలకన్న పలుచని, అలంకారము తక్కువైన కుండ యొకటి జోమోన్ తరువాతి యుగమునకు యాయోయి అను పేరు తెచ్చినది. క్యూషూ ఉత్తరతీరమున నబతకె, ఇతజుకె యను చోట్ల దొరకిన మళ్లు జపానులో అతిప్రాచీనములైనవి. యాంగ్జీ లోయలో పంటగా మారిన వరి, కొరియా ద్వీపకల్పము మీదుగా ఇచ్చటికి దిగినది. వరి ఒంటరిగా ప్రయాణము చేయదని రైతుబిడ్డలకు చెప్పనక్కరలేదు. గట్టు వేయుట, కాలువకు అడ్డుకట్ట కట్టి నీరు మళ్లించుట, నీరెక్కువైనప్పుడు తూము తెరచుట, కొయ్యపారలు, కంకులను ఒక్కొక్కటిగా కోయు రాతికత్తులు, గాదెలు: ఇవన్నియు కలిసియే వచ్చినవి. ఇతజుకె మడిలో ఆనాటి మనుష్యుల అడుగుజాడలు బురదలో నిలిచియున్నవి. ఇది ఎప్పుడు? క్రీ.పూ. అయిదవ శతాబ్దమని మొన్నటివరకు అనుకొనిరి. 2003లో జాతీయ చరిత్ర సంగ్రహాలయమువారు కుండలకు అంటిన మసిని కర్బనపరీక్ష చేసి పదవ శతాబ్దమనిరి. పండితలోకము కుదుపునకు లోనైనది. వాదము నేటికిని పూర్తిగా చల్లారలేదు.

గట్టు వచ్చిన చోటికి గట్టుతగాదా రాక తప్పునా? సగ మండలమందలి యొషినొగరి గ్రామము చుట్టును కందకములు, కొయ్యకంచెలు, కావలిమంచెలు కనబడుచున్నవి; కుండలలో పాతిన శవములలో ఒకదానికి తల లేదు. కంచు, ఇనుము ఇంచుమించు జంటగా అడుగుపెట్టినవి. అయితే వరిని తెచ్చినవారు ఎవరు? పాత జనులే క్రొత్తవిద్య నేర్చిరా, లేక క్రొత్తజనులే దిగిరా? యమగుచి మండలమున దొయిగహమ యను ఇసుకతీరము ఈ ప్రశ్నకు సాక్ష్యము చెప్పినది. చిప్పల సున్నము కలిసిన ఆ ఇసుకలో యాయోయి కాలపు శరీరములు ఇంచుమించు మున్నూరు చెక్కుచెదరక యుండగా, కనసెకి తకెఒ 1953లో త్రవ్వకము లారంభించెను. జోమోన్‌వారు పొట్టివారు, కనుబొమలయెముక ముందుకు వచ్చినవారు, ముక్కుమొదలు లోతైనవారు. దొయిగహమవారు వారికన్న పొడవరులు, నిడుపుమొగమువారు, ముక్కుమొదలు చదునైనవారు. సముద్రము దాటి క్రొత్తజనులు వచ్చి పాతవారితో కలిసిరని కనసెకి అనెను. అందొక శరీరమున పదికి మించిన బాణపుములుకులు గ్రుచ్చుకొనియున్నవి. ఆతడు ఊరిని కాచి చచ్చిన వీరుడో, ఊరు చంపిన దోషియో!

పాతవారందరును తరుమబడిరని అనుకొనరాదు. ఉత్తరపుకొసన, అఒమొరిలోని తరెయనగియందు, జోమోన్ సంతతివారే మళ్లు కట్టి వరి వేసిరి. కొన్నాళ్లకు వరద వచ్చి మళ్లు పూడిపోగా, వ్యవసాయమును విడిచిపెట్టిరి. నేర్చుకొన్న విద్యను వద్దనుకొనుటయు చరిత్రయందు ఒక నిర్ణయమే కదా.

అక్షరము లేని జనులను గూర్చి అక్షరమున్న ఇరుగుపొరుగు వ్రాయును. చైనావారు వీరిని వా జనులనిరి. క్రీ.శ. 57లో వా దేశములలో ఒకటియైన న రాజ్యమునుండి వచ్చిన దూతలకు హాన్ చక్రవర్తి గ్వాంగ్‌వూ ముద్ర నిచ్చెనని వారి చరిత్రలలో కలదు. 1784లో హకత అఖాతమందలి షికనొషిమ ద్వీపమున ఒక రైతు పొలముకాలువ బాగుచేయుచు రాతిక్రింద చిన్న బంగారుముద్ర కనుగొనెను: అంచు 2.3 సెంటీమీటర్లు, బరువు 108 గ్రాములకు కొంచెము పైన, పిడి పాము ఆకారము. దానిపై చెక్కినవి అయిదే అక్షరములు. న రాజ్యపు రాజు అను బిరుదము వానిలో కలదు.

మూడవశతాబ్దమున చెన్ షౌ వ్రాసిన వెయ్ రాజ్యచరిత్రలో వా జనులపై ఉన్న రెండువేల అక్షరముల అధ్యాయము నాకు మిక్కిలి ప్రియమైనది. మొగవారు మొగమునను మేనను పచ్చబొట్లు పొడిపించుకొందురట. పెద్దలు ఎదురైన త్రోవ దిగి గడ్డిలో ఒదుగుదురట. గౌరవము చూపుటకు చప్పట్లు చరతురట. నేటికిని షింతో ఆలయముముందు భక్తులు చేతులు చరచుట చూచినవారికి ఈ మాట పదునేడువందల యేండ్లనాటిదిగా తోచదు. సముద్రయానమునకు పోవునప్పుడు ఒకని ఎంచి, వానిని తల దువ్వుకొననీయక, పేలు తీసికొననీయక, బట్టలు మురికి పట్టనిచ్చి, మాంసము తిననీయక, స్త్రీని చేరనీయక, దీక్షలో నుంచెదరట. ప్రయాణము సుఖముగా సాగినచో వానికి దాసులను ధనమును ఇత్తురు. రోగమో తుపానో వచ్చినచో దీక్ష చెడినదని చంపుదురు. ఆ ఓడలలో ఎందరు వచ్చిరో లెక్క తెలియదు కాని, వారితోపాటు ఎంతటి భయము ప్రయాణించెనో ఈ ఒక్క ఆచారము తెలుపుచున్నది.

ఆ అధ్యాయమందే హిమికో యను రాణి కలదు. దీర్ఘయుద్ధములతో అలసిన రాజ్యములు కలిసి ఆమెను గద్దె నెక్కించినవి. దేవతావేశమున జనులను వశపరచుకొన్న ఆమెకు భర్త లేడు, తమ్ముడు రాజ్యతంత్రము చూచెడివాడు, వేయిమంది దాసీలు, అన్నపానములు తెచ్చి మాటలు చేరవేయుటకు ఒక్కడే పురుషుడు. 239లో ఆమె దూతలు వెయ్ రాజధానికి పోయి, వా దేశపు రాణియను బిరుదమును, నూరు కంచు అద్దములను తెచ్చిరి. ఆమె చనిపోగా పెద్దదిబ్బ పోసిరి. మగరాజును నిలుపగా జనులు వినక నరుకుకొనిరి. పదుమూడేండ్ల బాలిక ఇయో పీఠమెక్కిన పిమ్మట శాంతించిరి. హిమికో రాజధానియగు యమతాయ్ ఎక్కడ? చైనా గ్రంథము చెప్పిన దిక్కులను దూరములను అక్షరాల అనుసరించినచో క్యూషూ దాటి నడిసముద్రమున మునుగుదుము. దిక్కు తప్పని దిద్దువారు నర సమీపమునకును, దూరము తప్పని దిద్దువారు క్యూషూకును చేరుదురు. రెండుపక్షములవారును రెండువందల యేండ్లుగా వాదించుచున్నారు. నాకు నర పక్షమువైపే మొగ్గు. అక్కడి హషిహక సమాధి, 280 మీటర్ల పొడవున, ఇంచుమించు ఆ కాలమునకే సరిపడుచున్నది. కాని పందెము కాయను.

హషిహకతో మొదలైన, తాళపురంధ్రము ఆకారముగల మహాసమాధులు మూడుశతాబ్దములపాటు దేశమంతట లేచినవి. సకాయ్ నగరమందలి దాయ్‌సెన్ సమాధి పొడవు 486 మీటర్లు. అంత మన్ను మోయించగల రాజులు ఎవరు? గుఱ్ఱముల కళ్లెములు, జీనులు సమాధులలో ఒక్కమారుగా హెచ్చుట చూచి, ఖండమునుండి అశ్వికజాతి యొకటి దండెత్తివచ్చి రాజవంశమును స్థాపించెనని ఎగమి నమియో 1948లో ప్రతిపాదించెను. ఓడిపోయిన దేశమున, రాజు దైవత్వము అప్పుడే తొలగిన కాలమున, ఆ సిద్ధాంతము నిప్పువలె ప్రాకినది. నేడు దానిని అంగీకరించువారు అరుదు. గుఱ్ఱములు, వానిని పెంచువారు, రాజులకొలువునకు వచ్చిరే గాని రాజులుగా వచ్చిరనుటకు ఆధారము చాలదు.

గుఱ్ఱములవెంట వచ్చినవారెవరో చెప్పవలెనన్న ఒక కత్తిని చూపవలెను. సైతమ మండలమున ఇనరియమ సమాధిలో 1968లో త్రుప్పుపట్టిన కత్తి దొరకినది. పదేండ్లు సంగ్రహాలయమున ఊరకనే యున్నది. 1978లో త్రుప్పు వదలించుచు ఎక్స్‌రే తీయగా, లోపల 115 బంగారుపొదుగుల అక్షరములు మెరసినవి. క్రీ.శ. 471లో వకతకెరు రాజుకొలువున నున్న యోధుడొకడు తన ఎనిమిదితరముల పేర్లను చెప్పుకొన్నాడు. పేర్లు జపానువి, అక్షరములు చైనావి. పరభాషాక్షరములను ధ్వనికొరకు మాత్రమే వాడి తమ పేర్లు వ్రాయు ఆ నేర్పును దిద్దబెట్టినవారు కొరియానుండి వచ్చిన లేఖకులు. నేతగాండ్రు, కంసాలులు, జీనుగరులు, వేయి డిగ్రీలకు మించి కాలిన గట్టికుండలను చేయు కుమ్మరులు, వైద్యులు, గణకులు, ఆరవశతాబ్దమున కొరియాలోని పెక్చె రాజ్యమునుండి బుద్ధప్రతిమతో సూత్రగ్రంథములు: అన్నియు ఆ త్రోవనే. 660లో పెక్చె కూలిపోగా, దానిని నిలుపబోయి 663లో హకుసుకినొఎ నౌకాయుద్ధమున జపానుసేన ఓడగా, పెక్చె కులీనులు ఓడలనిండ శరణార్థులై వచ్చిరి. 815లో రాజాజ్ఞపై రాజధానీప్రాంతపు వంశముల పట్టిక కూర్చిరి. అందలి 1182 వంశములలో దాదాపు మూడవవంతు చైనా, కొరియాలనుండి వచ్చినట్లు తామే వ్రాయించుకొన్నవి. దాచుకొనవలసినదని వారికి తోచలేదు. 2001లో అకిహితో చక్రవర్తి, ఎనిమిదవశతాబ్దపు కన్ము చక్రవర్తి తల్లి పెక్చె రాజవంశపు ఆడపడుచని ప్రాచీన రాజగ్రంథమునందున్న సంగతిని బహిరంగముగా గుర్తుచేసెను.

ఇప్పుడు మనము గుర్తుంచుకొన్న సంఖ్యకు పని కలిగినది. డెబ్బదియైదువేలమందియున్న దేశమునకు, పంటచే సంతతి పెరుగు వరిరైతులు శతాబ్దములపాటు దిగినచో ఫలితము ఊహింపవచ్చును. 1991లో హనిహర కజురో జోమోన్, యాయోయి అను రెండుపొరల సిద్ధాంతమును నిలిపెను. 2021లో ప్రాచీనాస్థులనుండి తీసిన జన్యుపదార్థమును చదివినవారు, సమాధుల యుగమున తూర్పాసియానుండి మూడవపొర కూడ పడినదనిరి. నేటి ప్రధానద్వీపవాసులలో జోమోన్ అంశ నూటికి పదినుండి ఇరువది పాళ్లు. చెవిగులిమి సాక్ష్యము హాస్యాస్పదముగా తోచును గాని నిజమే: జపానీయులలో ఎక్కువమందికి అది పొడి, తడిగులిమి జోమోన్ వారసత్వము, ఉత్తరమున ఐను జనులలోను దక్షిణమున ఒకినావలోను హెచ్చు.

ఆ రెండుకొసల జనులను మరచి జపానీయుల పుట్టుక చెప్పువారు ఊడిన పటమును చూచి చెప్పువారే. ఐనుల భాషకు జపానుభాషతో చుట్టరికము నిరూపితము కాలేదు. వక్కనాయ్, నొబొరిబెత్సు అను ఊళ్లపేర్లలో ఏరును నదిని తెలుపు వారి మాటలు మిగిలియున్నవి. ఈశాన్యపు ఎమిషి జనులు దీర్ఘకాలము రాజసేనలను ఎదిరించి, 802లో వారి నాయకుడు అతెరుయ్ లొంగిపోవుటతో చల్లబడిరి. ఐనులు మూలవాసులని ప్రభుత్వము చట్టమున అంగీకరించుటకు 2019 రావలసివచ్చెను.

భాష సంగతి వచ్చినది కనుక, మనవారికి చెవులూరించు ఒక విషయము. ఓనో సుసుము అను గొప్ప జపాను భాషాపండితుడు జపానుభాషకు తమిళముతో బంధుత్వము కలదని, వరిసాగు మాటలు అటనుండి వచ్చినవని దశాబ్దములపాటు వాదించెను. కర్త, కర్మ, క్రియల వరుస మనదే. మాటలు అచ్చుతో ముగియుట తెలుగునకు మరింత సమీపము. అయినను పోలిక వేరు, చుట్టరికము వేరు. ధ్వనుల సంబంధము నియమబద్ధముగా నిలువలేదని భాషాశాస్త్రజ్ఞులలో అధికులు త్రోసిపుచ్చిరి. దొరకిన నిజమైన బంధము వేరొకటి యున్నది. జపాను అక్షరమాల అ ఇ ఉ ఎ ఒ అని మొదలై, క, స, త, న, హ, మ, య, ర, వ అని సాగును. బౌద్ధభిక్షువులు సంస్కృతవర్ణక్రమమును చదివి కూర్చిన వరుస ఇది. మన పిల్లలు పలకపై దిద్దు వరుసకు తోబుట్టువు. 736లో జపాను చేరి, 752లో నర మహాబుద్ధుని విగ్రహమునకు నేత్రోన్మీలనము చేసిన బోధిసేనుడు భారతీయుడే.

ఇక మాస్టారి చివరి ప్రశ్న. పోవునప్పటికే వారు జపానీయులా? ఏడవశతాబ్దము చివరివరకు ఆ పేరే లేదు. వా యనునది పరులు పెట్టిన పేరు. 702లో బయలుదేరిన రాయబారులు చైనా కొలువున తమ దేశము నిహోన్, సూర్యుని మూలస్థానమని చెప్పిరి. సూర్యుడు ఆ ద్వీపములలో పుట్టుచున్నట్లు కనబడవలెనన్న చూచువాడు పడమట, ఖండముపై, నిలువవలెను. తమ దేశమునకు పేరు పెట్టుకొనునప్పుడు కూడ వారు వచ్చిన ఒడ్డునుండియే చూచిరి. ఆ పేరు కుదిరిన తరమువారే కొజికిని, నిహోన్‌షోకిని వ్రాయించి, తాము అనాదిగా అచ్చటివారమని స్థాపించుకొనిరి. అనగా జోమోన్ కుమ్మరి, ఇతజుకె బురదలో నడచినవాడు, కత్తిపై అక్షరము చెక్కిన కొరియా లేఖకుడు, పెక్చె శరణార్థి, వీరిలో ఎవరును జపానీయులుగా ఓడ దిగలేదు, మాస్టారూ. దిగినవారి మనుమలు, మునిమనుమలు అక్కడ అట్లయిరి.

దొయిగహమ ఇసుకలో పాతిన మున్నూరుమందిని గూర్చి ఒక సంగతి చెప్పక దాచితిని. వారిలో అధికులను తల తూర్పునకు పెట్టి, కొంచెమెత్తి పరుండబెట్టిరి. వారి మొగములు పడమరవైపు, సముద్రమువైపు ఉన్నవి.